నేలపలకల కింద ఊరి గుట్టు

ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల నడుమ క్రో అని ఒక చిన్న పల్లెటూరు. ఆ ఊళ్లో పికోంతాల్ అనే పాత కోట ఉంది. పేరుకు కోటే గానీ, పెద్ద కుటుంబాలు తరతరాలుగా కాపురమున్న ఇల్లది. సుమారు పాతికేళ్ల కిందట దాన్ని కొనుక్కున్నవాళ్లు మేడమీది గదుల్లో పాతబడిన చెక్క నేలను బాగుచేయించడానికి పూనుకున్నారు. పలకలు ఊడదీసి చూస్తే, వాటి అడుగున పెన్సిలుతో రాసిన అక్షరాలున్నాయి. పక్క పలక తిరగేస్తే దానిమీదా రాతే. గదులన్నీ విప్పేసరికి మొత్తం 72 రాతలు బయటపడ్డాయి.

రాసినవాడు ఆ నేల పరిచిన వడ్రంగి, జోవాకిమ్ మార్టిన్. 1842లో పుట్టి 1897లో కన్నుమూశాడు. కోటలో ఈ పని చేసింది 1880, 81 సంవత్సరాల్లో. అప్పటికి నలభైకి దగ్గరపడ్డాడు. పగలంతా చిత్రిక పట్టడం, పలక బిగించబోయే ముందు దాని వెనక నాలుగు ముక్కలు రాయడం, మేకు కొట్టేయడం. తన రాత చదివేవాడి కంట పడేసరికి తాను బతికి ఉండనని ఆయనకు తెలుసు. ఆ మాట పలకమీదే రాశాడు. చదివేవాణ్ని అదృష్టవంతుడని పలకరించాడు కూడా. మంచి చెక్క నేల ఎన్నాళ్లు నిలుస్తుందో వడ్రంగికి తెలియకపోదు కదా. బతికున్నవాళ్లెవరూ చూడరన్న ధీమాతోనే అంత నిర్భయంగా రాయగలిగాడు.

ఇంతకీ ఏం రాశాడు? చాలావరకు మామూలు కబుర్లే. కుర్రతనంలో ఊరి వేడుకల్లో ఫిడేలు వాయించిన రోజులు, గడిచిపోయిన వయసు మీద బెంగ, ఊళ్లో ఎవరి నడత ఎలాంటిదో. ఊరి చర్చి ఫాదర్ మీద మాత్రం ఆయనకు పట్టరాని కోపం. పాపాలు చెప్పుకోవడానికి వచ్చిన ఆడవాళ్లను వాళ్ల పడకగది సంగతులు గుచ్చిగుచ్చి అడుగుతాడని, వాళ్లమీద కన్నేశాడని రాశాడు. ఇది ఒక్కడి అక్కసు కాదు. ఆ ఫాదర్‌ను ఊరినుంచి మార్చమని జనం పెట్టుకున్న అర్జీ తర్వాత పాత దస్తావేజుల్లో దొరికింది.

పశువుల కొట్టంలో ఏం జరిగింది?

ఆ కబుర్ల మధ్యలో ఒక పలక ఉంది. అది చదివినవాళ్లు మళ్లీ మామూలుగా ఆ గదిలో నడవలేరు. 1868లో ఒక అర్ధరాత్రి జోవాకిమ్ ఒక పశువుల కొట్టం పక్కనుంచి వెళుతున్నాడు. లోపల మూలుగు వినిపించింది. తన చిన్ననాటి స్నేహితుడు బెంజమిన్ ఉంచుకున్న స్త్రీ అక్కడ ప్రసవిస్తోంది. ఆమెకు వరసగా ఆరుగురు పిల్లలు పుట్టారని, వాళ్లలో నలుగురు ఆ కొట్టంలోనే పాతిపెట్టి ఉన్నారని ఆయన రాశాడు. చంపింది తల్లి కాదు, బెంజమినే అని కూడా తేల్చి చెప్పాడు.

మరి పన్నెండేళ్లపాటు ఎందుకు నోరు మెదపలేదు? కారణం కూడా పలకమీదే ఉంది. ఆ బెంజమిన్ ఇప్పుడు తన కాపురంలోనే చిచ్చు పెట్టాలని చూస్తున్నాడు. తాను ఒక్క మాట చెప్పి ఆ కొట్టం వైపు వేలు చూపిస్తే చాలు, అందరూ జైలుకు పోతారు. అయినా చెప్పడు. ఎందుకంటే వాడు చిన్ననాటి నేస్తం. పైగా వాడి తల్లికీ తన తండ్రికీ సంబంధం ఉంది. అంటే వాళ్ల గుట్టు విప్పితే తన ఇంటి గుట్టూ బజారున పడుతుంది.

ఊరి రహస్యాలు నిలిచేది ఇలాగే. ఒక ఇంటి గుట్టును పక్కింటివాడు కాపాడతాడు. ఆ పక్కింటి గుట్టు వీళ్ల గుప్పిట్లో ఉంటుంది. డిటెక్టివ్ నవలల్లో చివరి పేజీలో ఎవరో ఒకరు నోరు విప్పుతారు, ముడి వీడుతుంది. క్రోలో అందరూ పోయేదాకా ఎవరూ విప్పలేదు. జోవాకిమ్ మీద నాకు జాలి ఉంది గానీ, ఆ మౌనాన్ని మాత్రం సమర్థించలేను. అభంశుభం తెలియని ఆ నలుగురు పసికందుల తరఫున ఆయన కాక మాట్లాడేవారెవరు? ఆ భారం తన గుండెల్లో పట్టకనే పలకకు అప్పగించి మేకు కొట్టాడనిపిస్తుంది.

ఈ రాతలను చరిత్రగా నిలబెట్టినవాడు సోర్బాన్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు జాక్ ఒలివియర్ బూదోన్. పలకమీది పేర్లను పట్టుకుని పాత రికార్డులు తిరగేసి, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చి, 2017లో పుస్తకం తెచ్చాడు. రాజులు, సేనానులు, పెద్దమనుషులు ఉత్తరాలు రాసుకున్నారు, డైరీలు పెట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దపు పల్లెటూరి పనివాడు తన మనసును తన చేత్తోనే రాసిపెట్టడం చాలా అరుదు. ఫ్రాన్సులో ఉచిత ప్రాథమిక విద్య చట్టం 1881లో గానీ రాలేదు. జోవాకిమ్ అంతకుముందే నాలుగక్షరాలు నేర్చుకోబట్టి ఈ చరిత్ర మనకు దక్కింది.

అడుగున బంగారం దొరికితే

ఇల్లు బాగుచేయిస్తుంటే బంగారం దొరికిన కథలూ లేకపోలేదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు ఎల్లర్బీ అనే పల్లెలో 2019లో ఒక జంట వంటగది నేల తవ్వించారు. కరెంటు తీగ అనుకుని చూస్తే చిన్న మట్టి పాత్ర, దాన్నిండా 264 బంగారు నాణేలు. 1610 నుంచి 1727 దాకా ముద్రించినవి. హల్ రేవు పట్టణపు వర్తక కుటుంబం ఆడపడుచు సారా మేస్టర్, ఆమె భర్త జోసెఫ్ ఫెర్న్‌లీ దాచినవని నిపుణులు తేల్చారు. భర్త 1725లో పోయాడు, ఆమె 1745 దాకా బతికింది. 1694లో పుట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మీద, దాని కాగితపు నోట్ల మీద వాళ్లకు నమ్మకం కుదరలేదేమోనని ఊహ. 2022 అక్టోబరు వేలంలో ఆ నాణేలకు 7,54,000 పౌండ్లు వచ్చాయి. చివరి నాణేనికి అప్పటికి ఇంకా మూడు వందల ఏళ్లు నిండలేదు కాబట్టి అక్కడి చట్టం దాన్ని నిధిగా లెక్కగట్టలేదు. సొమ్ము దొరికినవాళ్లదే అయింది.

లంకెబిందెల కథలు వింటూ పెరిగిన మనకు ఈ రెండో కథే ఎక్కువ నచ్చుతుంది. నాకు మాత్రం మొదటిదే విలువైనది. సారా ఏమనుకుని దాచిందో 264 నాణేలూ కలిసి చెప్పలేకపోయాయి. వడ్రంగి పెన్సిలు ముక్క ఒక ఊరినంతా చెప్పింది.

మన దగ్గరా ఇప్పుడు మండువా లోగిళ్లు, పెంకుటిళ్లు వరసగా నేలకూలుతున్నాయి. వాటాలు తెగక కొన్ని, చూసే దిక్కులేక కొన్ని, డాబా కట్టుకుందామని కొన్ని. దూలాలు, ద్వారబంధాలు, కిటికీ తలుపులు పాత కలప కొనేవాళ్లకు గంపగుత్తగా వెళ్లిపోతాయి. అటకమీది ట్రంకుపెట్టెలో కాగితాలు పొయ్యిలోకో చెత్తకుప్పలోకో పోతాయి. కాలం చెల్లిన ప్రామిసరీ నోటు, పంపకాల కాగితం, ఎవరో పెద్దమ్మ కూతురి జాతకం, బర్మానుంచో షోలాపూరునుంచో వచ్చిన కార్డు ముక్క, ఏ తాతయ్యో మొదటి పెళ్లి శుభలేఖ. బామ్మ పేరున ఉండాల్సిన పొలం ఎవరి పేరు మీదికి ఎలా మారిందో ఆ మడతల్లో ఉండొచ్చు. ఇంట్లో ఎవరూ పేరెత్తని మొదటి భార్య ఉనికికి ఆ శుభలేఖే ఏకైక సాక్ష్యం కావచ్చు.

అందుకే ఇల్లు విప్పించబోయేవాళ్లకు నాలుగు మాటలు. గునపం పడకముందే ప్రతి గదినీ, ప్రతి గుమ్మాన్నీ ఫోటో తీయండి. దూలాలు దించాక బండికెత్తేలోపు నాలుగు వైపులా తిప్పి చూడండి. పెద్ద వయసు మేస్త్రి, వడ్రంగి ఉంటే, ఫలానా గోడ ఎందుకు మూశారో, ఫలానా గది ఎప్పుడు కట్టారో అడగండి. ఇంటివాళ్లు మరిచిపోయింది వాళ్లకు గుర్తుండొచ్చు. కాగితాలు చదవడం చేతకాకపోతే పారేయకండి. పాత రాత చదివే లైబ్రేరియనుకో, తెలుగు మాస్టారుకో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కో చూపించండి. బయటపడిన సంగతి బతికున్నవాళ్లను నొప్పించేదైతే, ముందు ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడాకే నలుగురికీ చెప్పండి.

నేలలో సొమ్మే దొరికితే మాత్రం దాచుకోకండి. మనకు 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.