వాహనములందలి విద్యుత్తీగలు: వాటిని బిగించు విధానము

చీకటి పడిన పిమ్మట ధాన్యపు బస్తాలతో రహదారిపై పోవుచున్న ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపము వెలుగకున్నచో, దాని వెనుక వేగముగా వచ్చు మోటారు సైకిలు వానికి అది కంటబడునప్పటికే ఆలస్యమగును. ఆ దీపమేల వెలుగలేదని విచారించినచో, పెక్కు పర్యాయములు బల్బు మాడి యుండదు. బాటరీయు చక్కగనే యుండును. ట్రాలీ క్రింద వ్రేలాడుచు, ఇనుప అంచునకు ఒరసికొనుచు వచ్చిన తీగ యొకటి తెగి యుండును. దానిని సకాలమున బిగించుటకు పట్టు ఖర్చు అత్యల్పము. బిగింపకుండుటచే పోవునది మనిషి ప్రాణము కావచ్చును.

ఈ చిన్న విషయమునకు ఎంత విలువ నీయవలెనో గ్రహించుటకు బ్రిటను దేశమునందలి యొక పద్ధతి మనకు ఉపకరించును. అచట కొందఱు ఔత్సాహికులు కారును సిద్ధముగా కొనక, చట్రము, చక్రములు, ఇంజను మున్నగు భాగములను తెప్పించుకొని తమ యింటి కొట్టములోనే కూర్చుకొందురు. ఇట్టి వాటిని ‘కిట్ కార్లు’ అందురు. కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో ‘సెవెన్’ అను చిన్న కారును ఈ విధముగ భాగములుగా కూడ విక్రయింపసాగెను. ఆ కాలమున సిద్ధమైన కారుపై కొనుగోలు పన్ను ఉండెడిది. భాగములుగా కొన్నవారికి ఆ పన్ను తప్పెడిది. 1973లో ఆ పన్ను పోయి, దాని స్థానమున విలువ ఆధారిత పన్ను వచ్చినది. పన్ను లాభము పోయినను, తన కారును తానే కట్టుకొను వేడుక మాత్రము నేటికిని పోలేదు.

అయితే ఇంట కట్టిన కారు రహదారి నెక్కవలెనన్న ప్రభుత్వ పరీక్షకు నిలువవలయును. ఇందులకై 1998లో ‘సింగిల్ వెహికిల్ అప్రూవల్’ అను పరీక్ష ఏర్పడినది. 2009లో దాని స్థానమున ‘ఇండివిడ్యువల్ వెహికిల్ అప్రూవల్’ వచ్చినది. పరీక్షకుడు బ్రేకులు, స్టీరింగు, దీపములు, సీటు బెల్టులతో పాటు తీగలను గూడ శ్రద్ధగా చూచును. తీగ ప్రతి 300 మిల్లీమీటర్లకు, అనగా సుమారు ఒక అడుగునకు, ఒకచోటనైనను బిగింపబడి యుండవలెనని నియమము. కదలని గొట్టము వంటి దానిలో ఇమిడియున్న తీగకు మాత్రము మినహాయింపు కలదు. లోపమున్నచో కారు పరీక్ష తప్పినట్లే. యజమాని దానిని సరిదిద్ది మరల తీసికొని రావలయును. నెలల తరబడి శ్రమించి కట్టిన కారును వ్రేలాడు తీగ యొక్కటి నిలిపివేయగలదు.

ఇంత పట్టుదల యేల? ఇంటిలో దీపమునకు విద్యుత్తు పోవుటకొక తీగ, మరలి వచ్చుటకొక తీగ ఉండును. వాహనములందు సామాన్యముగా పోవుటకు మాత్రమే తీగ యుండును. మరలివచ్చు మార్గము ఇనుప చట్రమే. కావున తీగపై తొడుగు అరిగి, లోపలి రాగి ఆ ఇనుమునకు తగిలినచో, విద్యుత్తు దీపమువరకు పోక అచటనే అడ్డదారి పట్టును. బాటరీ 12 వోల్టులదే గదా, చేతికి షాకు కొట్టదు గదా యని పలువురు ఉపేక్షింతురు. ఇది పొరపాటు. 60 వాట్ల దీపము 5 ఆంపియర్లు మాత్రమే తీసికొనును. అడ్డదారి పడిన బాటరీ నుండి వందల ఆంపియర్లు ప్రవహింపవచ్చును. క్షణములలో తీగ ఎఱ్ఱగా కాలి, తొడుగు మండి, ప్రక్కనున్న ఇంధనపు గొట్టమునకు నిప్పంటుకొనవచ్చును.

తీగ చెడుటకు మరియొక మార్గము కలదు. చేతితో తీగను ఇటునటు పలుమారులు వంచినచో విరుగునుగదా! ఇంజను అదురునకు వ్రేలాడు తీగయు అట్లే నిరంతరము వంగుచు లేచుచు కడకు తెగును. తీగకు కదలికయే శత్రువు. బిగించుటలోని రహస్యమంతయు ఆ కదలికను నివారించుటయే.

మంచి పనివాడు పాటించు పద్ధతులివి.

మొదటిది, పని ప్రారంభించుటకు ముందు బాటరీ నెగెటివు కొసను ఊడదీయవలయును. పని ముగిసిన తరువాత దానిని అన్నిటికంటె చివర బిగింపవలయును.

రెండవది, తీగ పోవు దారిని ముందే నిర్ణయింపవలయును. వేడి సైలెన్సరునకు, తిరుగు భాగములకు, పదునైన అంచులకు అది దూరముగ నుండవలెను. ఇంధనపు గొట్టమును ఆధారముగ జేసికొని తీగను కట్టరాదు.

మూడవది, అడుగునకొక చోటను, ప్రతి మలుపు వద్దను ప్లాస్టిక్ పట్టీతోగాని రబ్బరు పూతగల క్లిప్పుతోగాని చట్రమునకు బిగింపవలయును. ఇనుప బైండింగు తీగతో కట్టరాదు. అదియే కాలక్రమమున తొడుగును కోసివేయును.

నాల్గవది, ఇనుప రేకులోని రంధ్రము గుండ తీగ పోవుచోట రంధ్రపు అంచునకు రబ్బరు వలయము తప్పక తొడుగవలయును. దీనిని మెకానిక్కులు గ్రోమెట్ అందురు.

ఐదవది, ఇంజనునకును చట్రమునకును నడుమ కొంచెము సడలు ఉంచవలయును. ఇంజను అదురునపుడు చట్రము దానితో సమముగ అదురదు. తీగ బిగువుగ నున్నచో తెగును.

ఆఱవది, రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టిన మాత్రమున అతుకు నిలువదు. తగిన లోహపు కొసలతో నొక్కి అతికి, పైన తొడుగు వేయవలయును.

ఏడవది, ఫ్యూజు తీగను కాపాడు కావలివాడు. అది మాడినచో కారణము వెదకి, అదే కొలత గల ఫ్యూజును వేయవలెనుగాని, సిగరెట్టు పెట్టెలోని వెండిరంగు కాగితము చుట్టి పెట్టరాదు.

మన దేశమున ఇంట కారు కట్టుకొనువారు అరుదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రిజిస్ట్రేషను లేని వాహనమును బహిరంగ స్థలమున నడుపరాదు. కాని గ్రామములందు ట్రాలీలు స్థానికముగ తయారగుటయు, వాటికి దీపములను ఎవరికి తోచినట్లు వారు అమర్చుటయు మనమెఱిగినదే. తెలంగాణమున 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూరినవి. చెత్త తరలించుటకును, మొక్కలకు నీరు పోయుటకును అవి నిత్యము దుమ్ములో, తడిలో తిరుగును. వాటి క్షేమమునకు పంచాయతీయే బాధ్యురాలు.

ట్రాలీ విషయమున రెండు జాగ్రత్తలు ప్రత్యేకముగ అవసరము. ట్రాక్టరునుండి ట్రాలీకి పోవు తీగ పూర్తి మలుపునందును బిగుసుకొనరాదు, నేలకును తగులరాదు. రెండవది, విద్యుత్తు మరలివచ్చుటకు ట్రాలీని తగిలించు పిన్నును నమ్మరాదు. అచట త్రుప్పు పట్టును, వదులగును, దీపము మినుకుమినుకుమనును. మరలుటకై ప్రత్యేకముగ నొక తీగను వేయవలయును.

పరీక్షించుటకు గొప్ప యంత్రమక్కరలేదు. సాయంకాలమున ట్రాక్టరును నిలిపి, ఒకరు దీపములన్నిటిని వరుసగ వెలిగింపవలయును. మరియొకరు ఇంజను ఆపియున్నపుడు ట్రాలీని ఊపుచు, తీగలను వ్రేలితో మెల్లగ కదలింపవలయును. దీపము రెపరెపలాడినచో లోపము ఆ చోటనే కలదు. అటుపై వంగి చట్రము క్రింద చూచి, అడుగు బద్దతో బిగింపుల నడిమి దూరమును కొలువవలయును.

పంచాయతీ సభ్యులు వచ్చు సమావేశముననే ఈ విషయమును చర్చించి, నెలకొకసారి ఈ పరీక్ష జరుగునట్లు తీర్మానింపవచ్చును. చూచినవారి పేరు, చూచిన తేది, కనిపించిన లోపము, దానిని సరిదిద్దిన తేది వాహనపు రిజిస్టరునందు వ్రాయింపవలయును. గ్రామములోని రైతులను గూడ తమ ట్రాలీలతో ఆ సాయంకాలము రమ్మని చాటింపు వేయించినచో మరియు మేలు. కోతల కాలము రాకముందే ఈ పని ముగిసినచో, రాత్రివేళ ధాన్యముతో పోవు ప్రతి ట్రాలీ వెనుక ఎఱ్ఱ దీపము వెలుగును. దాని వెనుక వచ్చు మన గ్రామస్థుడు క్షేమముగ ఇల్లు చేరును.