పగటిపూట కూడే కళాకారుల లాడ్జి

లాడ్జి అనగానే మనకు బస్టాండు పక్కన అద్దెకిచ్చే గదులు గుర్తొస్తాయి. న్యూయార్క్‌లోని సెయింట్ సిసిలీ లాడ్జి అలాంటిది కాదు. అది ఫ్రీమేసన్ల శాఖ. ఆపదలో ఒకరినొకరు ఆదుకుంటామని ప్రమాణం చేసిన మగవారి సంఘమే ఫ్రీమేసన్లు. పూర్వపు రాతిపని మేస్త్రీల కట్టుబాట్లు వీరికి మూలం. మూలమట్టం, వృత్తలేఖిని నేటికీ వీరి గుర్తులు. మన హైదరాబాదు గోషామహల్ బారాదరిలోనూ వీరి లాడ్జీలున్నాయి.

ఈ లాడ్జీలు సాధారణంగా సాయంత్రాలు కూడతాయి. నటులకు, వాద్యగాళ్లకు అదే పని వేళ. ముఖానికి రంగు పూసుకునే సమయంలో సభకు పొమ్మంటే ఎలా? అందుకే 1865లో పగలు కూడే ఈ లాడ్జి ఏర్పడింది. సంఖ్య 568. సంగీతానికి రక్షకురాలిగా క్రైస్తవులు కొలిచే సెసీలియా పేరు పెట్టుకున్నారు.

ఆ రోజుల్లో నాటకాల వాళ్లంటే పెద్దమనుషులకు చిన్నచూపు. 1870 డిసెంబరులో జార్జ్ హాలండ్ అనే ముసలి నటుడు చనిపోయాడు. అతడు నటుడని తెలిసి చర్చి ఫాదరీ అంత్యక్రియలు జరపనన్నాడు. మూల మలుపులో మరో చిన్న చర్చి ఉంది, అక్కడ చేస్తారు పొమ్మన్నాడట! ఆ చిన్న చర్చి శవాన్ని కాదనలేదు. ఊరూరూ తిరిగే కళాకారుడికి నా అన్నవాళ్ల అవసరం ఎంతటిదో దీన్నిబట్టి తెలుస్తుంది. నటీమణులకు మాత్రం ఈ లాడ్జిలో చోటు లేదు. వారి కష్టం తక్కువేమీ కాదు మరి.

గాయకుడు అల్ జాల్సన్, సినీ దర్శకుడు గ్రిఫిత్, బ్యాండు మాస్టరు పాల్ వైట్‌మన్ ఇందులో సభ్యులు. మతం అడ్డు రాలేదు. దేవుణ్ణి నమ్మితే చాలు.

సంకెళ్లు విడిపించుకునే గారడీవాడు హౌడినీ యూదు మతగురువు కొడుకు. 1923 జులై 17న ఇందులో చేరి, ఆగస్టు 21న మూడో మెట్టు దాటాడు. రెండూ మంగళవారాలే. మన దగ్గర ఆ రోజు శుభకార్యం పెట్టుకోరు గాని, అక్కడ వారికి కలిసొచ్చింది.

1926 అక్టోబరు 31న హౌడినీ డెట్రాయిట్‌లో కన్నుమూశాడు. న్యూయార్క్‌లో జరిగిన అంత్యక్రియలకు సుమారు 2,000 మంది వచ్చారు. యూదు గురువులు ప్రార్థనలు చేశారు, తోటి గారడీవాళ్లు మంత్రదండం విరిచారు, మేసన్లు తమ పద్ధతిలో సాగనంపారు.