దివాళా తీసిన ముగ్గురు... ఒక పెట్రోలు బంకు!

జేబులో చిల్లిగవ్వ లేనప్పుడు ఎవరికైనా పాట వస్తుందా? 1930లో ముగ్గురు జర్మన్ కుర్రాళ్లకు వచ్చింది! వాళ్లతో పాటు ఆ దేశమంతా పాడింది.

ఆ చిత్రం ‘డీ డ్రై ఫాన్ డెర్ టాంక్‌ష్టెల్లె’. అంటే ‘పెట్రోలు బంకు ముగ్గురు’ అన్నమాట. మన ‘ఆలం ఆరా’ నోరు విప్పడానికి ఇంకా ఆరు నెలలున్న రోజులవి. ఊఫా సంస్థకు ఎరిష్ పోమ్మర్ నిర్మించగా విల్హెల్మ్ టీలె డైరెక్ట్ చేశాడు.

ఇంతకీ కథేమిటంటే... విల్లీ, కుర్ట్, హన్స్ ప్రాణస్నేహితులు. జల్సారాయుళ్లు. షికారు నుంచి ఇంటికొచ్చేసరికి కోర్టు అమీను సామాన్లకు జప్తు ముద్రలు కొడుతుంటాడు! బ్యాంకు దివాళా. ఏడవాల్సింది పోయి మనవాళ్లు పాటందుకుంటారు. మిగిలిన కారూ దారిలో పెట్రోలు అయిపోయి ఆగిపోతుంది. అక్కడే ఐడియా! కారు అమ్మేసి బంకు పెడతారు.

ఆ బంకుకు కారేసుకుని వస్తుంది లిలియన్. ముగ్గురూ వంతులవారీగా డ్యూటీ చేస్తారు కనుక, తక్కిన ఇద్దరూ అదే పిల్లను ప్రేమిస్తున్నారని ఎవరికీ తెలీదు. తెలిశాక విల్లీ అలిగి కూర్చుంటాడు. కోపంగా రాజీనామా డిక్టేట్ చేస్తాడు. లిలియన్ బుద్ధిగా టైపు చేసిస్తుంది. సంతకం పెట్టాక చూసుకుంటే... అది పెళ్లి ఒప్పందం!

ముగింపు మరీ గమ్మత్తు. కథ అయిపోయిందని జంట తెర ముందుకొస్తుంది. ప్రేక్షకులింకా కదలకుండా కూర్చునే ఉన్నారేమిటని ఆశ్చర్యపోతుంది. ఆర్భాటమైన ఆఖరి పాట బాకీ ఉందిగా మరి!

నాయిక లిలియన్ హార్వే లండన్‌లో పుట్టిన పిల్ల. డబ్బింగ్ ఇంకా స్థిరపడని రోజులు కనుక అదే సెట్ల మీద ఫ్రెంచి చిత్రమూ తీశారు. అందులోనూ ఆమే నాయిక. హీరో మాత్రం విల్లీ ఫ్రిట్ష్‌కు బదులు ఆంరీ గరా. వెర్నర్ రిచర్డ్ హేమన్ బాణీలు కథను ఆపకుండా ముందుకు తోస్తాయి. జర్మనీలో ఆ సీజన్‌లో వసూళ్లలో ఇదే నెంబర్ వన్!

ఇక నవ్వు వెనక సంగతి. చిత్రం బెర్లిన్‌లో విడుదలైంది 1930 సెప్టెంబర్ 15న. సరిగ్గా ముందురోజు దేశంలో ఎన్నికలు. నాజీల సీట్లు 12 నుంచి ఒక్కసారిగా 107కు ఎగబాకాయి. పనిలేనివాళ్లు అప్పటికే దాదాపు 30 లక్షలు. దివాళా అనేది హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలిసిన భయమే. దాన్నే ఈ ముగ్గురూ ఎగతాళి చేస్తుంటే జనం కడుపారా నవ్వుకున్నారు.

1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. యూదులైన కళాకారులకు స్టూడియో తలుపులు మూసుకుపోయాయి. 1937లో ఈ చిత్రాన్నే నిషేధించారు. టీలె హాలీవుడ్ చేరి, 1943లో ‘టార్జాన్ ట్రయంఫ్స్’ తీసి టార్జాన్ చేత నాజీలను తన్నించాడు! సంగీతదర్శకుడు హేమన్, అమీను వేషం వేసిన ఫెలిక్స్ బ్రెస్సార్ట్ ఇద్దరూ అమెరికా వెళ్లి లూబిచ్ తీసిన ‘నినోచ్కా’లో మళ్లీ కలిశారు. ప్లీడరు కాల్ముస్‌గా నవ్వించిన కుర్ట్ గెరోన్ మాత్రం తప్పించుకోలేకపోయాడు. 1944లో ఆష్‌విట్జ్‌లో అతన్ని చంపేశారు.

విల్లీ ఫ్రిట్ష్, హన్స్‌గా వేసిన హైన్జ్ ర్యూమన్ అక్కడే ఉండి స్టార్లుగా కొనసాగారు. 1955లో ఇదే కథ మళ్లీ తీస్తే నాటి ప్రియుడు ఫ్రిట్ష్ నాయిక తండ్రి వేషం కట్టాడు!

స్నేహితుడుంటే లోకంలో ఇంకేం కావాలని ఈ ముగ్గురూ పాడిన పాట నేటికీ జర్మన్ల నోళ్లలో నానుతూనే ఉంది. ఆ పాట పుట్టించినవాళ్లలో ఎందరినో ఆ దేశమే తరిమేసింది. వీలుంటే చిత్రం చూడండి. హాయిగా నవ్వండి. అమీనూ, ప్లీడరూ తెర మీదకొచ్చినప్పుడు మాత్రం ఆ ముఖాలను ఒకసారి తేరిపార చూడండి.