పాత ఆటయంత్రములకు క్రొత్త బొత్తాములు

నాణెము వేసి యాడు పాతయంత్ర మొకటి అల్వాల్‌లో నొక యింటికి చేరినదనుకొందము. చెక్కపెట్టె చీలినచో వడ్రంగి అతుకును. తీగ తెగినచో ఎలక్ట్రీషియను కలుపును. కాని ఆటగాడు వేలితో నొక్కు ప్లాస్టిక్కు బొత్తాము పగిలినచో నేమి చేయవలెను? 1972లో అమెరికాలో పాంగ్, 1978లో జపానులో స్పేస్ ఇన్వేడర్స్, 1980లో ప్యాక్‌మ్యాన్ వెలువడినవి. ఆనాటి బొత్తాములను, పిడులను ఉక్కు అచ్చులలో కరిగిన ప్లాస్టిక్కును ఒత్తిడితో నెక్కించి వేలకొలది తీసిరి. ఆ అచ్చులు నేడు దొరకుట బహు అరుదు.

ఉక్కు అచ్చును మరల చేయించరాదా యందురేమో. అల్వాల్‌కు కొలది మైళ్ల దూరముననున్న బాలానగరులో ఆ విద్యను నేర్పు సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లోనే వెలసినది. పనితనమునకు కొదువ లేదు, చిక్కంతయు లెక్కలో నున్నది. అచ్చు ఖర్చును పదివేల బొత్తాములపై పంచినచో ఒక్కొక్కదానిపై పడునది స్వల్పము. పది బొత్తాములపై పంచినచో ఎవరు కొనగలరు?

కనుక సిలికోను రబ్బరు నాశ్రయింతురు. మిగిలిన మంచి బొత్తామును శుభ్రపఱచి, సగము వఱకు మెత్తని మట్టిలో కూర్చి, చుట్టును గోడ కట్టి, ద్రవరూపమున నున్న సిలికోనును పోయుదురు. అది గట్టిపడిన పిమ్మట మట్టిని తీసివేసి, అంటుకొనకుండ పూత పూసి, రెండవ సగమును పోయుదురు. ఇచట నొక హెచ్చరిక: గంధకము కలిసిన బొమ్మలమట్టిని వాడినచో, ప్లాటినముతో గట్టిపడు సిలికోను ఆ మట్టి తగిలిన చోట జిగురుగానే నిలిచిపోవును. ఆదిలాబాదు ఓజ పనివారు మైనముతో ఇత్తడి పోతబొమ్మలు చేయునపుడు ప్రతిబొమ్మకును అచ్చును పగులగొట్టవలసినదే. సిలికోను సాగును గనుక బొత్తామును వెలికి తీసి అదే అచ్చును మరల మరల వాడవచ్చును. కొన్ని పదుల పోతల తరువాత అదియు చిరుగును. అందులో రెండు ద్రవములు కలిపిన పాలియూరిథేను రెజిన్ను పోయుదురు. లోపల గాలిబుడగలు నిలువకుండ ఒత్తిడిపాత్రలో నుంచుట మేలు.

ఇంతటితో పని ముగిసినదనుకొనుట పొరపాటు. అచ్చును పోతయు గట్టిపడునపుడు కొంచెము కుంచించుకొనును. నూటికి అరవంతు తగ్గినదనుకొందము. నలుబది మిల్లీమీటర్ల బొత్తామున అది 0.2 మిల్లీమీటరు, కంటి కానదు. ఆరువందల మిల్లీమీటర్ల చట్రమున అది మూడు మిల్లీమీటర్లు. మరచీల రంధ్రములు కలియవు. నకలును చూచి మఱియొక నకలు తీసినచో లోపము రెట్టించును. అసలు వస్తువే వేళ్ల రాపిడికి అరిగియున్నచో ఆ అరుగుదలయు అచ్చులో పడును. అందువలన నేర్పరులు ముందుగా కొలతలు తీసి, అరుగని చోటులను ప్రమాణముగా గైకొని, తక్కువైన చోట మూలప్రతిని పెంచి, తరువాతనే అచ్చు పోయుదురు. పాతరకపు బొత్తాము క్రింద రెండు లోహపు రేకులుండును. బొత్తాము కాడ అడుగున కొంచెము పొట్టియైనచో రేకులు కలియవు, ఆట కదలదు.

బలము వేఱొక సమస్య. రెజిన్ను సాధారణముగా అసలు ప్లాస్టిక్కంత దెబ్బ కోర్వదు. ముఖ్యముగా మర చుట్లు తెగును. 1982 నాటి ట్రాన్ యంత్రమునకు నీలిరంగున వెలుగు చేతిపిడి యున్నది. అట్టిదానికి ఆకారము కలిసిన చాలదు, కాంతి సమముగా ప్రసరింపవలెను. ఇక త్రీడీ ముద్రణ గొప్పదే గాని, పొరపై పొరగా పేర్చినది పొరల వెంబడి చీలును. నా మట్టుకు అది మూలప్రతిని తయారు చేయుటకే ఎక్కువ తగును.

చివరగా ఒక చిన్నపని, చాలమంది మఱచునది. నకలు లోపలివైపున, యంత్రములో బిగించిన పిదప కనబడని చోట, ఇది నకలని తెలుపు గుర్తును, చేసిన సంవత్సరమును అచ్చులోనే చెక్కవలెను. లేనిచో రేపు యంత్రమును కొన్నవాడు దానిని అసలుగా నమ్మి, దానినుండియే మరల అచ్చు తీయును. కుంచించిన కొలతయే అసలు కొలతగా చెలామణి యగును. అసలు బొత్తామును, పగిలినదైనను, పారవేయక కాగితమున చుట్టి, కొలతల పట్టికతో గూడ యంత్రపు పెట్టెలోనే ఉంచుడు.