గ్రాంటు కన్నా ముందు వీధి లెక్క

మూడేళ్ల కిందట వానలకు ముందు, మన దాతలు కొందరు ఇచ్చిన సొమ్ముతో ఒక సందులో మురుగు కాలువ కట్టించాము. పని గట్టిగానే జరిగింది. మొదటి పెద్ద వానకు పై ఇళ్ల గుమ్మాలు తడవలేదు. నీళ్లన్నీ కాలువ ఆగిపోయిన చోటి నుంచి దిగువనున్న నాలుగు ఇళ్లలోకి వెళ్లాయి. అందులో రెండు మనవాళ్లవి, రెండు కావు. నాలుగు ఇళ్లకూ వెళ్లి క్షమించమని అడిగాము. తప్పు మేస్త్రీది కాదు, మాది. నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలని మాలో ఒక్కరమూ ముందు అడగలేదు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకంటే, "ఇలాంటి పనులకు ప్రభుత్వ గ్రాంట్లు ఉంటాయి కదా, సొసైటీ ఎందుకు ఖర్చు పెట్టాలి?" అని దాతలు ఏటా అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం కాస్త పొడుగు.

2011 జనాభా లెక్కల్లో నరసన్నపేటను సెన్సస్ టౌన్‌గా రాశారు. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే ఆ పేరు వస్తుంది. చూడటానికి పట్టణమే, లెక్కల్లోనూ పట్టణమే, పాలన మాత్రం పంచాయతీది. చిక్కంతా ఇక్కడే. 2015లో వచ్చిన అమృత్ పథకం ప్రధానంగా లక్ష జనాభా దాటిన నగరాలది. శ్రీకాకుళానికి అందులో చోటు దొరికింది. 2021లో వచ్చిన అమృత్ రెండో విడత చిన్న పట్టణాలకూ విస్తరించింది కానీ, మునిసిపల్ చట్టం కింద ఏర్పడిన వాటికే. సెన్సస్ టౌన్ అన్న పేరుతో ఆ డబ్బు రాదు.

"మైనారిటీ నిధులో?" అంటారు. 2008-09లో మొదలైన బహుళరంగ అభివృద్ధి పథకం 2018లో ప్రధానమంత్రి జన వికాస్ కార్యక్రమ్ అయింది. అది మైనారిటీలు గుంపుగా ఉన్న ప్రాంతాలను చూస్తుంది. నూటికి 25 మంది అనేది దాని కొలబద్ద. మన జిల్లా మొత్తంలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. నాలుగైదు వీధుల్లో కలిసిమెలిసి ఉన్నవాళ్లం ఆ లెక్కకు అందడం కష్టం.

ఇక మిగిలింది పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన దానిలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే వాడాలని చెప్పింది. 40 శాతం జీతాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోవచ్చని చెప్పింది. అంటే మన సందు కాలువకు దారి ఉంది. కానీ పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కాలి. అది గ్రామసభ ముందుకు వచ్చి, ఆమోదం పొంది, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో నమోదు కావాలి. "మా వీధి బాగాలేదు" అని నోటితో చెబితే ప్రణాళికలో అది ఒక పని కాదు. ఎన్ని మీటర్లు, ఎన్ని ఇళ్లు, వాలు ఎటు, చివర ఎందులో కలుస్తుంది అన్నవి కాగితం మీద ఉంటేనే ఎస్టిమేటు వేయగలరు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. బ్రిటన్ ప్రభుత్వ గ్రాంటుతో విశాఖపట్నంలో 1988 నుంచి బస్తీల అభివృద్ధి పనులు జరిగాయి. తర్వాత అదే దేశపు సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని పెద్ద మునిసిపాలిటీల్లో పట్టణ పేదలకు సేవల పథకం 2008 వరకు నడిచింది. అందులో ప్రతి మునిసిపాలిటీ ముందుగా పేదరికం తగ్గించే ప్రణాళిక రాయాల్సి వచ్చింది. ఏ బస్తీలో పేదరికం ఎంత, నీళ్లు, కాలువలు, రోడ్ల కొరత ఎంత అని రెండు వైపులా తూచి, రెండింటిలోనూ వెనుకబడ్డ బస్తీని ముందు పెట్టారు. ఎవరి గొంతు పెద్దదో చూడకుండా ఈ లెక్క చూడటం మాకు నచ్చిన విషయం.

అందుకే ఈ ఏడు దాతలను కాలువకు కాదు, కొలతకు సాయం అడుగుతున్నాము. డిప్లొమా ఇంజినీరు ఫీజు, వాలు చూసే పరికరం అద్దె, నక్షా, జిరాక్సులు. కాలువ ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న మొత్తం. ఇంటింటికీ వెళ్లి కుళాయి, మరుగుదొడ్డి, కాలువ ఉన్నాయో లేవో రాసుకుంటాము. మతం గడి ఆ కాగితంలో ఉండదు. గ్రామసభకు రాలేని వితంతువులు, ముసలివాళ్ల దగ్గరికి మన ఆడవాళ్లే వెళ్తారు. మగవాళ్లం వెళ్తే గడప దగ్గరే "అంతా బాగుంది బాబూ" అని పంపేస్తారు, అది చాలాసార్లు చూశాము.

ఒక్క మనవి. దీనికి జకాత్ సొమ్ము పంపకండి. జకాత్ హక్కుదారుడి చేతికే చేరాలని మన ఉలమాలు చెబుతారు. సర్వే ఫీజుకు అది చెల్లదు. సదఖా, లిల్లాహ్ కింద ఇచ్చేది వేరే రసీదు పుస్తకంలో రాస్తాము.

పంచాయతీ ఈ ఏడే డబ్బు ఇస్తుందని మేము మాట ఇవ్వలేము. ప్రణాళికలో చేరినా వరుస రావాలి. ఈలోగా ఆ నాలుగు ఇళ్లు మరో వానాకాలం చూడవలసి రావచ్చు. కాబట్టి కొలత ఆ సందు చివరి నుంచి, వాళ్ల గుమ్మాల దగ్గరే మొదలుపెడుతున్నాము.