పసుపు మెరుపు – పేలుడు జాడ

ఆర్మూరు పసుపును కొనే వ్యాపారి కొమ్ము విరిచి రంగు చూస్తాడు. ఆ రంగునిచ్చే కుర్కుమిన్ నీలికాంతి సోకితే ఆకుపచ్చ ఛాయలో మెరుస్తుంది. దీనినే ప్రతిదీప్తి అంటారు. టి.ఎన్.టి. అణువు తగిలితే, ఉత్తేజితమైన ఎలక్ట్రానును అది లాగుకొంటుంది, మెరుపు మందగిస్తుంది. ఈ సూత్రంపైనే 2012లో అమెరికాలోని మాసచుసెట్స్ లోవెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కుర్కుమిన్‌ను సిలికోన్ పాలిమరుతో చేర్చి, గాజుపై పలుచని పొరగా పరిచారు.

చిక్కంతా ఆ పొరలోనే ఉన్నది. కుర్కుమిన్ అణువులు గుమిగూడితే తమ వెలుగును తామే ఆర్పుకొంటాయి. పాలిమరు వాటిని ఎడంగా ఉంచాలి. పొర మందమైతే ఆవిరి లోనికి చొరదు. ఆ ఆవిరి కూడా ఎంత? సాధారణ ఉష్ణోగ్రతలో వందకోట్ల గాలి అణువులకు పదింటికి మించదు.

అయితే 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రాణాలు తీసిన బాంబులలోనిది అమ్మోనియం నైట్రేటు. దానిలో టి.ఎన్.టి.కి ఉన్న బెంజీన్ వలయం లేదు; దానిని పట్టుటకు ఈ పసుపుపొర చాలదు.