గనిలో దొరకనిది: హీబ్రూ జ్ఞాన గ్రంథాల విశేషాలు

పాల్వంచ, కొత్తగూడెం వాళ్లు బైబిల్లో ఒక్క అధ్యాయమే చదువుతామంటే యోబు గ్రంథం 28వ అధ్యాయం చదవమంటాను. అందులో మొదటి భాగమంతా గని పనే. మనుషులు తిరిగే చోటికి దూరంగా గొయ్యి తవ్వడం, వెలుగు లేని చోట రాయిని వెతకడం, కాలు మోపే వీల్లేక వేలాడుతూ దిగడం, బండలు తొలిచి కాలువలు తీయడం, ఊటనీటిని కట్టేయడం. ఇక్కడి కుటుంబాలు తరాలుగా చేస్తున్న బాయిపనిని పాత నిబంధనలో ఇంత దగ్గరగా చూసిన చోటు మరొకటి లేదు. పైన నేల పంటనిస్తుంటే అడుగున నిప్పు రగిలినట్టు తలకిందులవుతోందని ఆ కవి గమనించాడు. డేగ కంటికి కూడా ఆనని దారి మనిషికి దొరికిందని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఇంత తవ్వినా జ్ఞానం మాత్రం ఏ పొరలోనూ తగల్లేదేమని అడిగాడు. అగాధంలో లేదు, సముద్రంలో లేదు, బంగారం తూచి ఇచ్చినా రాదు. దాని చోటు దేవుడికే తెలుసని, ఆయన పట్ల భయభక్తులే మనిషికి జ్ఞానమని ముగించాడు.

ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వే అధికారి విలియం కింగ్ గుర్తించింది 1871లో. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920లో. యోబు కవి అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందువాడు. ఇనుము మట్టిలోంచి వస్తుందని, రాయిని కరిగిస్తే రాగి వస్తుందని కూడా అదే అధ్యాయంలో రాశాడు. బొగ్గు సాయంతో ఖనిజం నుంచి స్పాంజ్ ఐరన్ తీసే తొలి కర్మాగారం మన దేశంలో పెట్టింది ఈ పాల్వంచలోనే, 1980లో.

కొలిమి దగ్గర పనిచేసేవాళ్ల గురించి మరో జ్ఞాన గ్రంథం ఉంది. క్రీ.పూ. 180 ప్రాంతంలో యెరూషలేములో బెన్ సీరా అనే గురువు రాసినది. దాని 38వ అధ్యాయంలో కమ్మరి కనిపిస్తాడు. నిప్పుసెగకు ఒళ్లు కరుగుతుంది, సుత్తి మోత చెవిలో మోగుతూనే ఉంటుంది, చూపు మాత్రం చేతిలోని పని మీదే. నిజానికి ఆ గురువు ఈ మాటలు ఎత్తుకున్నది తీరిక ఉన్న పండితుడే గొప్ప అని చెప్పడానికి. అయినా రైతును, కమ్మరిని, కుమ్మరిని చూశాక వీళ్లు లేకుండా ఊరు నిలవదని ఒప్పుకున్నాడు. 1966లో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) తొలి యూనిట్ మొదలైనప్పటి నుంచి వేడిలో పనిచేస్తూ వచ్చిన ఊరికి ఆ మాట చెందుతుందని నా నమ్మకం.

అయితే ఈ పుస్తకం పాల్వంచలో అందరి బైబిల్లోనూ ఉండదు. 73 గ్రంథాలున్న కాథలిక్ బైబిల్లో ఉంటుంది, 66 ఉన్న ప్రొటెస్టెంట్ బైబిల్లో ఉండదు. దాని హీబ్రూ మూలం శతాబ్దాలపాటు కనిపించకుండా పోయింది. 1896లో అగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల అక్కచెల్లెళ్లు తెచ్చిన ఒక పాత రాతప్రతి ఆకును కేంబ్రిడ్జిలో సాలమన్ షెక్టర్ గుర్తుపట్టడంతో మళ్లీ వెలుగు చూసింది. 1964లో మసాదా కోట తవ్వకాల్లో ఇంకొన్ని భాగాలు దొరికాయి.

హీబ్రూ బైబిల్లోని జ్ఞాన గ్రంథాలైన సామెతలు, యోబు, ప్రసంగి మూడింటిలోనూ మోషే పేరు రాదు. ఐగుప్తు నుంచి బయటపడిన కథ రాదు, సీనాయి కొండ రాదు. యోబు అసలు ఇశ్రాయేలీయుడే కాదు, ఊజు దేశస్థుడు. సామెతల 22వ అధ్యాయం చివరి నుంచి వచ్చే కొన్ని మాటలు అమెనెమోపే అనే ఈజిప్టు గురువు బోధలకు ఎంతో దగ్గరగా ఉన్నాయని 1924లో అడాల్ఫ్ ఎర్మన్ చూపించాడు. మంచిమాట ఎక్కడ విన్నా తెచ్చుకున్నవాళ్ల పుస్తకాలివి.

పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్నను తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. గోల్కొండ చెరలో ఉండి, చేయించిన నగల లెక్కలు చెప్పి రాముణ్ని నిలదీసిన రామదాసు ఆయన. దేవుణ్ని నిలదీయడం భక్తికి విరోధం కాదని ఈ నేలకు అప్పుడే తెలుసు. యోబు చేసిందీ అదే. బిడ్డలు, ఆస్తి, ఆరోగ్యం పోయి బూడిదలో కూర్చుని దేవుడితో వాదించాడు. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచాక, నువ్వేదో పాపం చేసే ఉంటావని మొదలుపెట్టారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీదే. తన గురించి యోబులా సరిగా మాట్లాడలేదన్నాడు. కష్టంలో ఉన్నవాడి ఇంటికి పరామర్శకు వెళ్లే ప్రతివాళ్లూ ఈ భాగం చదివి వెళ్లాలి.

ఆ కథ ముగింపులో యోబు కొడుకుల పేర్లు ఉండవు. కూతుళ్లవి ఉంటాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. తండ్రి వాళ్లకు అన్నదమ్ములతో పాటు ఆస్తి పంచాడు. మన దగ్గరైతే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతోనే వాటా ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది.

యోబు 41వ అధ్యాయంలో వచ్చే భీకర జంతువు మొసలే అని చాలామంది వ్యాఖ్యాతల మాట. దాన్ని చూడ్డానికి పాల్వంచ వాళ్లు దూరం పోనక్కర్లేదు, దగ్గర్లోని కిన్నెరసాని జలాశయంలో మొసళ్లున్నాయి.

ఇక ఈ పుస్తకాలు నేర్చుకునే దారి గురించి. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. చదువురాని పల్లెల్లో ఆయన కాలంలో వాక్యాన్ని పాటలుగా, కథలుగా కంఠతా పట్టించారు. సామెతల పుస్తకానికి అది సరైన దారి. రెండేసి పాదాల్లో ఒదిగే ఆ మాటలు చెవికోసం పుట్టినవి. హీబ్రూలోనే చదవాలనుకుంటే 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్‌కు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదుల సమాజం కూడా ఉంది.

సామెతల్లో 31 అధ్యాయాలు. తేదీ ప్రకారం రోజుకొకటి చదివే అలవాటు చాలా తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఉంది. కానీ 31వ తేదీ ఏడాదిలో ఏడు నెలలకే వస్తుంది. మిగతా ఐదు నెలల్లో జారిపోయేది ఏదంటే, లెమూయేలు రాజుకు వాళ్లమ్మ చెప్పిన బుద్ధులు, నోరులేనివాళ్ల పక్షాన మాట్లాడమన్న ఆమె ఆజ్ఞ, హీబ్రూ అక్షరమాల వరసలో 22 వచనాలుగా అల్లిన గుణవతి స్తుతి. నెల చిన్నదైతే చివరి రోజున మిగిలిన అధ్యాయాలన్నీ కలిపి చదవండి.